ఇస్త్రీ లేని దుప్పట్లు

ఏప్రిల్ 29

మరదలు గారికి,

మీ వదిన రాసేదేమనగా, ఇంకా ఆవిరైపోలేదు, ఉన్నాను. ఈ ఉత్తరం నీకు వార్డులో దుప్పట్ల మూట విప్పితే పై మడతలో దొరకాలి. దొరకలేదంటే లారీ బాబాయ్‌ని నిలదియ్యి. ఆయన మతిమరుపు సంగతి నీకు తెలుసుగా.

ఇంట్లో రెండు ఫోన్లు ఉండగా ఈ ఉత్తరాలేంటని మీ అన్నయ్య నవ్వుతున్నాడు. నవ్వనీ. ఫోన్లో అయితే మూడో నిమిషంలో మనిద్దరికీ తగువు పడుతుంది, నాలుగో నిమిషంలో ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితమైతే నేను చెప్పిందంతా నువ్వు చచ్చినట్టు చివరిదాకా చదవాలి, మధ్యలో అడ్డు రాలేవు. ఎలాగూ పనిలో ఉంటే నా ఫోను గేటు దగ్గర పెట్టెలో, నీ ఫోను వార్డు లాకర్లో. మీ ఆసుపత్రి దుప్పట్లు మా లాండ్రీకే వస్తాయి, లారీ రోజూ గంట దారి అటూ ఇటూ తిరుగుతుంది. ఇంతకంటే మంచి తపాలా ఎక్కడ దొరుకుతుంది? నువ్వు జవాబు మాత్రం బాబాయ్ చేతికే ఇవ్వు, మురికి మూటలో పడేయకు.

మా ఇస్త్రీ గది నువ్వెప్పుడూ చూడలేదు. రేకుల కప్పు. మధ్యలో మంచమంత పొడుగు రోలరు, దాని కడుపు నిండా ఆవిరి. ఇటు నేనూ పెద్దమ్మా తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని దాని నోటికి అందిస్తాం. అటు అక్కాచెల్లెళ్లిద్దరు పట్టి మడతపెడతారు. కిటికీలు రెండున్నాయి గానీ తెరిస్తే దుమ్ము వచ్చి తెల్లబట్ట మీద పడుతుందని మేకులు కొట్టేశారు. సూపర్‌వైజరు తలుపు దగ్గర ఫ్యాను కింద కుర్చీ వేసుకుని చేతి గడియారం చూసుకుంటూ ఉంటాడు. మేం అతనికి పెట్టిన పేరు కూడా అదే, గడియారం. "ఏంటమ్మా, వేడి వేడి అంటారు, నాకేం తెలియట్లేదే" అంటాడు. ఒడ్డున కూర్చున్నవాడికి లోతు ఎక్కడ తెలుస్తుంది?

పెద్దమ్మ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లుగా ఆ రోలరు దగ్గరే నిలబడింది. గడియారం ఎంత మాటన్నా "సరే బాబూ" తప్ప ఇంకో మాట రాదు. నాకు ఒళ్లు మండుతుంది. "ఒక్కసారి వాడికి ఎదురు ఒక మాట అను పెద్దమ్మా, నా కొత్త చెప్పులు నీకే" అని పందెం కూడా వేశాను. నోరు మూసుకుని నవ్వింది. చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి.

మీ అన్నయ్యకేం, శీతల గిడ్డంగిలో కాపలా. ఎండాకాలంలో స్వెట్టరు తగిలించుకుని డ్యూటీకి పోయే మగాడు మా వీధిలో ఆయనొక్కడే. నేను ముద్దగా తడిసి ఇంటికొస్తాను, ఆయన తుమ్ముకుంటూ వస్తాడు. మంచి జోడీ కుదిరిందిలే.

ఉడుకుతున్నా ఉడుకుమోతును కాని,
నీ వదిన


మే 3

వదినా,

నీ ఉత్తరం మూటలో దొరకలేదు. లారీ బాబాయ్ చొక్కా జేబులో మూడు రోజులు నాని, ఇవాళ చేతికొచ్చింది.

నీలాగా ముచ్చట్లు రాసే తీరిక నాకు లేదు. భయమేసి రాస్తున్నాను. మా వార్డులో ఈ వారం ఏం జరుగుతోందో విను. ఎండ నలభై రెండు దాటిన రోజు ముగ్గురొచ్చారు. నలభై నాలుగైన రోజు ఎనిమిది మంది. రాత్రి కూడా చల్లబడలేదంటే మర్నాడు ఇంకా ఎక్కువ. పొద్దున లేచి నేను మొదట చూసేది ఎండ ఎంత అని. దాన్నిబట్టి ఎన్ని మంచాలు ఖాళీ చేయించాలో తెలిసిపోతోంది. వచ్చేవాళ్లంతా నడినెత్తిన ఎండలో తిరిగినవాళ్లు అనుకుంటున్నావేమో. కాదు. రొట్టెల కొలిమి దగ్గర పనిచేసే ఆయన, రేకుల గదిలో పడుకున్న తాతయ్య, హోటలు వంటగదిలో గిన్నెలు తోమే ఆమె. నీడలో ఉన్నాం, మాకేం అనుకున్నవాళ్లే సగం మంది.

అందుకే చెబుతున్నాను, మీ గదిలో అందరికీ చదివి వినిపించు. వడదెబ్బకి చెమట ఆగిపోతుందంటారు, దాన్ని నమ్ముకోకండి. కొందరికి చివరిదాకా కారుతూనే ఉంటుంది. చూడాల్సింది మనిషి తీరు. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, ఉన్నట్టుండి మనిషి మునుపటి మనిషిలా ఉండదు. నెమ్మదస్తురాలు తగువుకి దిగుతుంది, వాగుడుకాయ నోరు మూసుకుంటుంది. అప్పుడు ఎందుకు ఏమిటి అని కూర్చోవద్దు. ఒళ్లంతా చల్లటి నీళ్లలో ముంచండి, విసరండి. తెలివి సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. ఈ వరస తిరగబడి మా దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేయిదాటిపోతున్నారు.

ఇంకో మాట. రేపటినుంచి రోజుకి నూట యాభై దుప్పట్లు ఎక్కువ పంపమని దుప్పట్ల పుస్తకంలో రాశాను. మనిషి రాగానే తడి దుప్పట్లో చుట్టి ఫ్యాను పెడుతున్నాం, పావుగంటకోసారి మార్చాలి. మీకు పని పెరుగుతుంది, ఏం చేయను.

అసలు నువ్వు ఆ పని మానేయకూడదా వదినా? అన్నయ్య జీతం ఉంది కదా. ఆ పొయ్యిలో నిలబడాల్సిన ఖర్మ నీకేంటి?

జాగ్రత్త,
నీ మరదలు


మే 5

శ్రీ శ్రీ శ్రీ వార్డు సిస్టరమ్మ గారి సముఖానికి,

ఖర్మా? నాది ఖర్మ, నీది ఉద్యోగమా?

నువ్వు పాడైన ఒళ్లు బాగుచేస్తావు, నేను పాడైన బట్ట బాగుచేస్తాను. ఇద్దరం నిలబడే పనిచేస్తాం, ఇద్దరికీ కాళ్లు వాస్తాయి. నీకు తెల్ల గౌను ఉంది, నాకు లేదు. ఆ తెల్ల గౌను తెల్లగా ఉండేది ఎవరి చలవ తల్లీ? మీ అన్నయ్య నీకు చాటుగా రాశాడని నాకు అర్థమైంది. రెండు రోజులుగా "కాస్త నెమ్మదిగా చెయ్యవే" అంటూ నా చుట్టూ తిరుగుతున్నాడు. ఆ అన్నాచెల్లెళ్ల కుట్ర సంగతి ఇంట్లో తేలుస్తాను.

మిగతా ఉత్తరం మాత్రం గదిలో నిలబడి గట్టిగా చదివాను. అందరూ విన్నారు. "అయితే నువ్వు మర్యాదగా మాట్లాడిన రోజు నిన్ను తొట్టిలో ముంచెయ్యాలన్నమాట" అంది అక్కాచెల్లెళ్లలో చిన్నది. పెద్దమ్మ కూడా నవ్వింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఆ నూట యాభై దుప్పట్లూ మీరు నీళ్లలో ముంచుతారా? మేం ఉతికి, ఆరబెట్టి, మళ్లీ ఆ నిప్పుల రోలరు కింద పెట్టి, కత్తిలాంటి మడత వేసి, మూటకట్టి పంపితే, మీరు విప్పి బకెట్లో పడేస్తారా? తడిసిన దుప్పటికి ఇస్త్రీ ఎందుకే? పోనీ ఒళ్లు కాలిపోతున్నవాడు ముడత చూసి అలుగుతాడా?

నువ్వు అడిగిన రోజునుంచి మాకు మధ్యాహ్నం విశ్రాంతి పోయింది. వేడికి మనుషులు పడిపోతున్నారని దుప్పట్లు కావాలి, ఆ దుప్పట్లకి మేం వేడిలో నిలబడాలి. ఇలాగైతే మీ వార్డుకి కావాల్సిన మనుషుల్ని కూడా మేమే తయారుచేసి పంపిస్తాంలే.

అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పు. తడిపే దుప్పట్లకి ఇస్త్రీ లేకపోతే మీకు పనికొస్తాయా, రావా?

కోపంతో,
ఖర్మ కాలిన నీ వదిన


మే 7

వదినా,

ఒక్క ముక్కలో చెప్పమన్నావు, చెప్పలేను.

అన్నయ్య నాకు ఒక్క అక్షరం రాయలేదు. ఆయన మీద అరవకు. నీ పనిని నేను తక్కువ చేయలేదు, నువ్వు లేనిపోనివి ఊహించుకుని నన్ను ఉతికి ఆరేశావు. నీకు అలవాటైన పనే కదా.

దుప్పట్ల సంగతి. ఇస్త్రీ పదును లేని దుప్పటి వార్డులోకి రాకూడదని మా మేట్రన్ గారి నియమం. అది ఊరికే పెట్టలేదు. నెలల తరబడి మంచంలో ఉన్నవాళ్లకి ముడత కింద వీపు ఒరుసుకుని పుండ్లు పడతాయి. తడిపేవాటికి అవసరం లేదని నాకూ అనిపిస్తుంది. కానీ అన్నీ ఒకే పుస్తకం, ఒకే గడి. "తడిపేవి" అని వేరే గడి లేదు. పైగా ఇస్త్రీ వేడికి క్రిములు చస్తాయి కదా, అదీ ఉంది.

ఇంకో సంగతి నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. వచ్చే నెల వార్డు ఇన్‌ఛార్జి నన్ను చేస్తారంటున్నారు. పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు పోయి మేట్రన్ గారికి నియమాలు నేర్పితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఈ ఎండలు తగ్గేదాకా ఓర్చుకోండి. నీళ్లు తాగండి. మధ్యమధ్యలో కూర్చోండి.

నీ మరదలు


మే 9, మధ్యాహ్నం రెండుంబావు

మరదలా,

లారీ ఇంజను ఆడుతోంది. చాకలి చిట్టా వెనకాల రాస్తున్నా. నీకు ఫోను చేయించా, మోగి మోగి ఆగింది. అంబులెన్సు గంట పడుతుందన్నారు, అన్నీ వడదెబ్బవాళ్ల కోసమే తిరుగుతున్నాయట. అందుకని పెద్దమ్మని లారీలో పంపిస్తున్నా.

నీ నూట యాభై ముందు తెమలాలని ఇవాళ నీళ్లకి కూడా ఆపలేదు. ఒంటిగంటన్నరకి పెద్దమ్మ దుప్పటి కొస వదిలేసి గడియారం దగ్గరికి నడిచింది. "ఒరేయ్, నీకు తల్లి లేదురా? మేకల్ని లోపలికి తోలొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా?" అని గట్టిగా తిట్టింది. మేకలేంటో మాకు తెలియలేదు. ముప్పై ఏళ్లకి నోరు విప్పిందని మాకు ఆనందం ఆగలేదు. రోలరు ఆపి ముగ్గురం చప్పట్లు కొట్టాం. నేను ఈల కూడా వేశాను. ఆమె ఇంకా తిట్టింది, మేం ఇంకా కొట్టాం. తర్వాత మోకాళ్ల మీద కూలబడింది. ఒళ్లు ముట్టుకుంటే రోలరే.

నీ ఉత్తరం వాళ్లకి చదివింది నేను. నాకే గుర్తు రాలేదు.

జాడించే తొట్టిలో మెడదాకా దింపి పావుగంట ఉంచాం, తల నేను పట్టుకున్నా. నోట్లో చుక్క పోయలేదు. ఇప్పుడు తడి దుప్పట్లలో చుట్టాం. లారీ వెనక తలుపు తెరిచే ఉంచమన్నా, గాలి తగలాలి. చిన్నది పక్కన కూర్చుని నీళ్లు పోస్తుంది. గడియారం ముందు ఎక్కాడు. నన్ను ఎక్కనివ్వలేదు.

బతికించు. నిన్ను ఇంకేమీ అడగను.

వదిన


మే 10

వదినా,

పెద్దమ్మ బతికే ఉంది. వచ్చేసరికి ఒంటి వేడి నూట నాలుగున్నర. మీరు ముంచకముందు నూట ఏడు దాకా ఉండి ఉంటుందని డాక్టరమ్మ అంది. తొట్టిలో దింపడం వల్లే ప్రాణం నిలిచిందని కూడా అంది. ఇంకా తెలివి పూర్తిగా రాలేదు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో రేపటికి గానీ తెలియదు.

నీ చిట్టా కాగితం తడి దుప్పట్లలో పడి సిరా అంతా కారిపోయింది. నాకు కనిపించినవి రెండే రెండు ముక్కలు. "గట్టిగా తిట్టింది." "ముగ్గురం చప్పట్లు కొట్టాం."

ఏంటి వదినా ఇది? ఆ సూపర్‌వైజరు చెప్పాడు, గదిలో పెద్ద గొడవైందట. చెప్పులు పందెం పెట్టి నువ్వే ఆ ముసలామెను ఎగదోశావట. అరిచి అరిచి కళ్లు తిరిగి పడిందట. నేను నమ్మలేదు. లారీలో వెంట వచ్చిన చిన్నావిడని అడిగాను. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తూ "మేం చప్పట్లు కొట్టామమ్మా" అంది, ఇంకో మాట రాలేదు. పందెం సంగతి నువ్వే నాకు రాశావు కదా. ఎవరిని కాదనను?

వడదెబ్బేనని వైద్యం చేస్తున్నాం, అందులో తేడా లేదు. కానీ కేసు కాగితంలో "ఎలా జరిగింది" అన్న గడిలో అతను చెప్పినట్టే రాశాను. "పనిచోట గొడవ తర్వాత పడిపోయింది."

నీ నోటికి ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు బలవుతారని అమ్మ అనేది. నేను నిన్నెప్పుడూ వెనకేసుకొచ్చేదాన్ని.

నీ మరదలు


మే 12

మరదలా,

వెనకేసుకొచ్చినందుకు సంతోషం. ఇప్పుడు ముందుకు వచ్చి విను.

నువ్వు ఆ గడిలో రాసిన ముక్కని నీ సూపర్‌వైజరు గారు ఫోటో తీసుకుని వచ్చి యజమానికి చూపించాడు. "చూడండి, ఆసుపత్రివాళ్లే రాశారు, వేడీ లేదు గీడీ లేదు, గొడవ" అన్నాడు. నిన్నటినుంచి నేను పనిలో లేను. గొడవ చేసినందుకు క్షమాపణ రాసిస్తే మళ్లీ తీసుకుంటారట, లేకపోతే ఇంట్లో కూర్చోవాలట. పరాయివాళ్లు రాసి ఉంటే ఇంత మండేది కాదు. నీ గుండ్రటి చేతిరాత చూపించి నన్ను గేటు దాటించారు.

కారిపోయిన ఉత్తరాన్ని మళ్లీ రాస్తున్నాను, ఈసారి పెన్సిలుతో, ఎంత తడిసినా కారదు. పెద్దమ్మ గొడవపడలేదు. మనిషి మునుపటి మనిషిలా లేదు. గడియారాన్ని పట్టుకుని మేకల్ని లోపలికి తోలొద్దంది. చిన్నప్పుడు వాళ్లింట్లో మేకలుండేవట, అక్కాచెల్లెళ్లు తర్వాత చెప్పారు. నెమ్మదస్తురాలు తగువుకి దిగితే ముంచండి అని నువ్వు రాస్తే, నేను చదివి, ఆ దిగిన రోజున చప్పట్లు కొట్టాను. ఎందుకో తెలుసా? మాకు అది రోగంలా కనిపించలేదు, ధైర్యంలా కనిపించింది. ముప్పై ఏళ్లుగా ఎవరూ ఎదురు మాట్లాడని గదిలో ఒకామె మాట్లాడితే రోగమని ఎవరనుకుంటారు? నా తప్పు అదే. పది నిమిషాలు పోయాయి. ఆ పది నిమిషాలూ నా చేతులు చేసిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది. అన్నం సయించడం లేదు. కానీ అది నా తప్పు, గడియారం రాయించుకున్న తప్పు వేరు. రెండిటినీ ఒకే మూటలో కట్టనివ్వను.

మీ అన్నయ్యని తిట్టిపోసినందుకు ఆయన కాళ్లు పట్టుకోవాలి, నీకు రాయలేదన్నది నిజమే. ఆయన ఏం చేశాడో తెలుసా? మొన్న స్వెట్టరు కింద దాచి గిడ్డంగిలో గోడకుండే ముల్లు థర్మామీటరు తెచ్చాడు. అక్కాచెల్లెళ్లలో పెద్దది దాన్ని చీర కుచ్చిళ్లలో లోపలికి తీసుకెళ్లి రోలరు పక్కన పెట్టింది. దాని మీద అంకెలు యాభైతో అయిపోతాయి. ముల్లు యాభై దగ్గరికి పోయి అంచుకి కొట్టుకుని ఆగిపోయింది. అప్పటికి పన్నెండు కూడా కాలేదు. అది నలుగురూ చూశారు, లారీ బాబాయ్ కూడా చూశాడు. రాత్రి మీ అన్నయ్య "ఉద్యోగం పోతే పోయింది, నువ్వు మాత్రం ఆ కాగితం రాయకు" అన్నాడు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది, ఆయన అంత పొడుగు మాట్లాడటం నేను వినలేదు.

ఇక అసలు సంగతి. ఇస్త్రీకి క్రిములు చస్తాయని రాశావు. ఎవరు చెప్పారే నీకు? క్రిములు చచ్చేది ఉతికేటప్పుడు, మరిగే నీళ్లలో. తర్వాత ఆరబెట్టే డ్రమ్ములో ముప్పావుగంట. రోలరు చేసేది ఒక్కటే, ముడత తీయడం. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, ఇది నా చదువు, నీకు తెలియకపోతే నన్ను అడగాలి.

నిన్న సాయంత్రం అక్కాచెల్లెళ్లు మా ఇంటికొచ్చారు. రేపటినుంచి పన్నెండు నుంచి నాలుగు దాకా రోలరు ఆపేస్తామని తేల్చుకున్నాం. మంచాల మీద వేసే దుప్పట్లు పొద్దునా సాయంత్రం ఇస్త్రీ చేస్తారు, ఒక్కటీ తగ్గదు. తడిపే నూట యాభై మాత్రం ఉతికి, ఆరబెట్టి, చేత్తో మడిచి పంపుతారు. ఇస్త్రీ ఉండదు. గడియారం అరుస్తాడు, అరవనీ. తాటాకు చప్పుళ్లకి కుందేళ్లు బెదురుతాయా?

కానీ ఒకటుంది. ఆసుపత్రి ఆ మూటలు వెనక్కి కొట్టిందంటే వాళ్లిద్దరూ కూడా మర్నాడు నా పక్కనే గేటు బయట ఉంటారు. కిటికీల మేకులు అలాగే ఉంటాయి. పెద్దమ్మ చోట ఇంకో పెద్దమ్మ వస్తుంది. మూటలు దింపుకుని పుస్తకంలో సంతకం పెట్టేది నువ్వు. తీసుకుంటావో, వెనక్కి పంపుతావో నీ ఇష్టం. నీ ఇన్‌ఛార్జి పదవి సంగతి నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఇంకేమీ అడగనని రాశాను, అబద్ధమాడాను.

నీ వదిన


మే 14

వదినా,

నిన్న పదకొండింటికి లారీ వచ్చింది. నీ ఉత్తరం అంతకు మూడు గంటల ముందే, పొద్దుటి ట్రిప్పులో వచ్చింది. మందుల గదిలో తలుపేసుకుని చదివాను. నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక మొదట కేసు కాగితం తీశాను.

డాక్టరమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మేకల దగ్గర ఆవిడ ఆపమంది. "ఇది గొడవ కాదు సిస్టర్, ఇదే రోగం. మీకు తెలియదా?" అంది. తెలుసు. నీకు రాసింది నేనే. నీ పేరు వినపడేసరికి గొడవే అనుకున్నాను. చప్పట్లు కొట్టిన మీకూ నాకూ తేడా ఏముంది? ఆ గడిలో పాత ముక్క కొట్టేసి, పక్కన కొత్తగా రాశాను. "యాభై డిగ్రీలు దాటిన ఇస్త్రీ గదిలో విశ్రాంతి లేకుండా పని. మతి తప్పిన మాటలు. వడదెబ్బ." కింద నేను సంతకం పెట్టాను, దాని కింద డాక్టరమ్మ పెట్టింది. దాని నకలు ఈ ఉత్తరంతో ఉంది. గడియారానికి ఫోటో తీసుకోవడం ఇష్టం కదా, తీసుకోమను.

తర్వాత మూటలు దిగాయి. మేట్రన్ గారు స్వయంగా వచ్చి నిలబడ్డారు, మీ గడియారం ముందే ఫోను చేసి చెప్పాడట. ఒక మూట విప్పి చూసి "ఇవేం దుప్పట్లు? వెనక్కి పంపెయ్" అన్నారు. లారీ బాబాయ్ నా మొహం చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఒకాయన్ని మోసుకొచ్చారు, రోడ్డు పక్కన గొయ్యి తవ్వుతూ పడిపోయాడు. నేను ఆ మూటలోంచే ఒక దుప్పటి లాగి బకెట్లో ముంచి, పిండి, ఆయన్ని చుట్టేశాను. ఇంకోటి తీశాను. దాన్ని కూడా ముంచి మేట్రన్ గారి ముందు పట్టుకుని, "ఇందులో ముడత ఎక్కడుందో చూపించండమ్మా" అన్నాను.

వార్డంతా చూస్తోంది. దుప్పట్లోంచి నీళ్లు ఆవిడ బూట్ల మీద కారుతున్నాయి. ఆవిడ దుప్పట్ల పుస్తకం నా ముందుకి తోశారు. "పుస్తకంలో ఏమని రాస్తావు?" అన్నారు. గీత ఒకటి కొట్టి కొత్త గడి చేశాను. "తడిపేవి, ఇస్త్రీ అక్కర్లేదు, నూట యాభై అందాయి." సంతకం పెట్టాను. ఈ రోజు కూడా పెట్టాను. రేపు కూడా పెడతాను.

సాయంత్రం నాకు మెమో వచ్చింది. పై అధికారితో రోగుల ముందు అమర్యాదగా ప్రవర్తించానట. ఇన్‌ఛార్జి పదవి ఇంకొకరికి వెళ్తుందని అందరూ అంటున్నారు. వెళ్లనీ. పదకొండేళ్లు ఎదురుచూశాను, ఇంకో రెండేళ్లు చూస్తాను. నాకు నీ గాలి సోకిందని అమ్మ ఉంటే అనేది.

పెద్దమ్మకి తెలివొచ్చింది. మూత్రపిండాలు దారిలో పడ్డాయి. ఎడమ చెయ్యి వణుకుతోంది, లేచి నడిస్తే తూలుతోంది. కొంత తగ్గుతుంది, పూర్తిగా తగ్గదేమో. ఇక ఎప్పటికీ రోలరు దగ్గర నిలబడే వీల్లేదు వదినా, ఆ వేడి ఇంకోసారి తగలకూడదు. నేనే చెప్పాను ఆమెకి. తర్వాత నన్ను పిలిచి మెల్లగా అడిగింది, "నేను ఆ బాబుని నిజంగా తిట్టానా?" అవునన్నాను. "ఏమని తిట్టాను?" చెప్పాను. మళ్లీ ఒకసారి చెప్పించుకుంది.

నీ చేతుల చప్పుడు సంగతి నాకు చెప్పావు, నా చేతిరాత సంగతి నేను నీకు చెబుతున్నాను. నన్ను క్షమించు.

నీ మరదలు


మే 16

మరదలా,

నీ బకెట్ కథ లారీ బాబాయ్ ముందే చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో నువ్వు మేట్రన్ గారి నెత్తిన నీళ్లు కుమ్మరించావు. నీ ఉత్తరం చదివితే బూట్లే అని తేలింది, కొంచెం నిరాశపడ్డాను. మీ అమ్మ ఉంటే అనే మాట నిజమేలే, నా గాలి సోకింది. మందు లేదు దానికి.

నువ్వు నాకు క్షమాపణ చెప్పక్కర్లేదు. తప్పు రాశావు, కొట్టేసి ఒప్పు రాశావు, కింద సంతకం పెట్టావు. అంతకంటే ఏం కావాలి? పదవి మాత్రం నేను అడగబట్టే పోయింది, అది నేను మర్చిపోను.

ఇక్కడ మూడు రోజులుగా పన్నెండింటికి రోలరు ఆగుతోంది. మొదటిరోజు గడియారం తనే మీట నొక్కి మళ్లీ తిప్పాడట. అక్కాచెల్లెళ్లు గోడవారన కూర్చుని చూస్తూ ఉన్నారు. దుప్పటి పెట్టేవాళ్లు లేక ఉత్త రోలరు అరగంట తిరిగింది, అతనే ఆపుకున్నాడు. నువ్వు పంపిన నకలు చూసి యజమాని కిటికీల మేకులు పీకించాడు. కానీ నా సంగతిలో మెట్టు దిగలేదు. ఒక కాగితం ముక్క రాసిస్తే పోయేదానికి ఎందుకింత పంతం అని కబురు పంపాడు. సరే, రాశాను. ఇవాళ గేటు దగ్గర ఇచ్చి అందినట్టు సంతకం కూడా పెట్టించుకున్నాను, నీ దగ్గర నేర్చుకున్నదే. నకలు నీకు కింద రాస్తున్నాను. పెద్దమ్మ మంచం దగ్గర కూర్చుని గట్టిగా చదువు. మేట్రన్ గారికి వినపడినా పర్వాలేదు.

"యజమాని గారికి,

మీరు క్షమాపణ రాయమన్నారు, రాస్తున్నాను. మే తొమ్మిదో తేదీ మధ్యాహ్నం మా పెద్దమ్మ మతి తప్పి మాట్లాడుతుంటే నేను చప్పట్లు కొట్టాను, ఈల వేశాను. పది నిమిషాలు పోగొట్టాను. ఆమె చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. అందుకు పెద్దమ్మకి చేతులెత్తి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆమె ఏం శిక్ష వేసినా నాకు సరే.

ఇక ఆ గదిలో నేను క్షమాపణ చెప్పాల్సినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమెకి చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. మీరూ మీ సూపర్‌వైజరూ ఎప్పుడు రాస్తారో రాయండి, ఆసుపత్రికి లారీ రోజూ వెళ్తుంది, మేం చేరుస్తాం.

పెద్దమ్మకి కూర్చుని చేసే పని చూడాలి. చిరిగిన దుప్పట్లు కుట్టే బల్ల ఖాళీగా ఉంది, కిటికీ పక్కన. ఆమె వచ్చేదాకా దానిమీద ఎవరినీ కూర్చోనివ్వం.

నేను రేపు పొద్దున ఆరింటికి పనికి వస్తున్నాను. గేటు తీసి ఉంచండి."